బ్యాలెన్సింగ్ మేస్త్రి వాడని సెలవులు

ఫ్యాన్ల కంపెనీలో సెలవు తీసుకోవడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కాగితం రాసుకోవాలి, మేనేజరు చేత సంతకం పెట్టించుకోవాలి, అది పట్టుకుని హెచ్చార్ సెక్షనులో కిటికీ పక్కన కూర్చునే సెలవులక్క దగ్గరికి పోవాలి. ఆవిడ కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, "ఇప్పుడేం ముంచుకొచ్చిందయ్యా?" అని అడుగుతుంది. ఇవ్వడం ఇష్టం లేక కాదు, ఊరికే తెలుసుకుందామని. ఎవరి మేనమామకి కాలు విరిగిందో, ఎవరింటి పైకప్పు ఎక్కడ కారుతోందో కంపెనీ మొత్తం మీద ఆవిడకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. తెలిసింది మాత్రం ఎవరి చెవినా వెయ్యదు. అందుకే అందరూ ఆవిడకి చెప్పేస్తారు.

చెప్పాల్సింది చెప్పాక ఆవిడ ఇనప బీరువా తెరిచి, ఆ మనిషి నంబరున్న డబ్బా తెచ్చి బల్లమీద పెడుతుంది. మూత మాత్రం ఎవరిది వాళ్ళే తీసుకోవాలి. లోపలున్న రోజుల్లోంచి ఒకటి తీసి రుమాల్లో మూటకట్టుకుని ఇంటికి పట్టుకుపోవాలి. మర్నాడు పొద్దున్న మూట విప్పితే ఆ రోజు వాళ్ళది.

రోజుల్ని డబ్బాల్లో ఎవరూ తెచ్చి వెయ్యరు. నెలంతా ఒళ్ళొంచి పనిచేస్తే ఆ కష్టమే పాలు తోడుకున్నట్టు తోడుకుని, నెలాఖరుకి అడుగున ఒకటో రెండో రోజులు తయారవుతాయి. ఒకరి రోజు ఇంకొకరి రోజులా ఉండదు. గేటు దగ్గరి వాచ్‌మన్‌వి అన్నీ మధ్యాహ్నాలే, వాటికి పొద్దూ ఉండదు, సాయంత్రమూ ఉండదు. ఆయనకి సెలవంటే నిద్రే మరి. వైండింగు సెక్షనులో తీగ చుట్టే ఆవిడ డబ్బా మూత తీస్తే చాలు, పిల్లల గోల వినిపిస్తుంది. ఒకడు బామ్మర్ది డబ్బా మీద కన్నేసి, స్క్రూడ్రైవరు పెట్టి మూత లేపబోయాడు. స్క్రూడ్రైవరు విరిగింది కానీ మూత చెక్కుచెదరలేదు. పరాయి చేతికి మూత రాదు. అదంతే.

హద్దు దాటి పేరుకుపోయిన సెలవులు ఏడాది చివర మురిగిపోతాయి. మూత తీసి ఎవరివి వాళ్ళే స్టోర్సు వెనక ఖాళీ జాగాలో పారబొయ్యాలి. అందుకని అక్కడ ఎప్పుడు చూసినా ఆదివారం మధ్యాహ్నంలా ఉంటుంది, పిల్లులు కాళ్ళు బారజాపుకుని పడుకుంటాయి. టీ తాగడానికి అటు వెళ్ళినవాళ్ళు ఆవలిస్తూ తిరిగొచ్చి సూపర్‌వైజరు చేత తిట్లు తింటారు.

ఇలా నడుస్తున్న కంపెనీలోకి సాఫ్ట్‌వేర్ వచ్చింది.

మేనేజరు వయసులో చిన్నవాడు, మంచివాడే, కాకపోతే ఊరందరి పనీ తన నెత్తినే పడిందన్నట్టు కంగారుపడే రకం. ఒకరోజు సెలవులక్క బల్ల దగ్గరికి వచ్చి నిలబడే చెప్పేశాడు.

"అక్కా, ఇకమీదట కాగితాలూ లేవు, డబ్బాలూ లేవు. చేరిన తేదీ, హాజరు, సెలవులు, ఇంటి అడ్రసు, అన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. ఎవరి ఫోన్లోంచి వాళ్ళే సెలవు పెట్టుకుంటారు. రేపట్నుంచి ట్రైనింగుకి ఒక అమ్మాయి వస్తోంది, మీరు దగ్గరుండి నేర్చుకోండి. నెలాఖరుకి ఈ బీరువా పాతినుముకి వెళ్ళిపోవాలి."

"మరి డబ్బాల్లో ఉన్నవేం చేస్తారండీ?"

"పనిలో ఉన్నవాళ్ళవి సిస్టమ్‌లోకి ఎక్కిస్తాం. లేనివాళ్ళవేమైనా మిగిలుంటే స్టోర్సు వెనక పారబోయించండి."

ఆయన మామూలుగానే అనేసి వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది. ఎందుకంటే లోకంలో లేని మనిషి డబ్బా ఆ బీరువాలో ఒకటుంది. అట్టడుగు అరలో, మూలకి. అది వాళ్ళ నాన్నది.

వాళ్ళ నాన్న ఈ కంపెనీలోనే బ్యాలెన్సింగ్ మేస్త్రి. తయారైన ఫ్యాను తిరిగేటప్పుడు ఊగకుండా, రెక్కకి రవ్వంత బరువు అతికించి సరిచేసే పని. ఆయన సెలవు పెట్టి ఎరగడు. "నేను ఇంట్లో కూర్చుంటే ఎవరింట్లోనో ఫ్యాను ఊగుతుంది, కింద పసిపిల్లాడు పడుకుని ఉంటాడు" అనేవాడు. కూతురు బళ్ళో ఆటల పోటీలో గెలిస్తే చూడ్డానికి రాలేదు. జ్వరమొస్తే దగ్గర కూర్చోలేదు. "అన్నీ కలిపి ఒకేసారి తీసుకుంటా తల్లీ, అప్పుడు చూడు మన మజా" అనేవాడు. అప్పుడు రానేలేదు. ఒకరోజు ఆయన పనిలో ఉండగానే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు, ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. ఆ పిల్లకి అప్పటికి జడ వేసుకోవడం కూడా రాదు.

పెద్దయ్యాక, పనిలో ఉండగా పోయినవాళ్ళ పిల్లలకిచ్చే కోటాలో కంపెనీ వాళ్ళు ఆవిడని హెచ్చార్‌లో వేసుకున్నారు. ఎవరైనా మానేసినా, పోయినా, రికార్డులో మానేసిన తేదీ రాస్తారు. రాసీ రాయగానే ఆ మనిషి డబ్బా దానంతటదే ఖాళీ అయిపోతుంది. ఆవిడ కుర్చీలో కూర్చున్న మొదటిరోజే నాన్న రికార్డు చూసింది. ఆ తేదీ ఉండాల్సిన చోట ఎవరూ ఏమీ రాయలేదు. ఆవిడా రాయలేదు. రాస్తే నాన్న దాచుకున్న రోజులన్నీ పోతాయి కదా. అవి ఎలాంటివో ఏనాడూ చూడలేదు, మూత ఆవిడ చేతికి రాదు. అందుకే హద్దు దాటినవి ఏడాది చివర తీసి పారబోసేవాళ్ళూ లేరు. చెవి ఆనిస్తే మాత్రం లోపల ఎవరో బాగా అలిసిపోయి ఊపిరి తీస్తున్నట్టు వినిపించేది. నెలకోసారి డబ్బా బయటికి తీసి దుమ్ము తుడిచేది. చిత్రమేమిటంటే అది ఏటేటా బరువెక్కుతోంది. నా చేతుల్లో సత్తువ తగ్గుతోంది కాబోలు అనుకుని ఊరుకుంది, కానీ ఆ ప్రశ్న ముల్లులా లోపల ఎక్కడో ఉండిపోయింది.

ట్రైనింగమ్మాయి చలాకీ మనిషి. గడగడా మాట్లాడుతుంది, అడిగినదానికి విసుక్కోదు. అదే ఆ పిల్ల కొంప ముంచింది. మన సెలవులక్క ప్రశ్నలు మొదలుపెడితే ఆపడం ఎవరి తరం?

"అమ్మాయ్, ఈ క్లౌడ్ అనేది ఎక్కడుంటుంది? నిజం చెప్పు, మబ్బుల్లోనేనా?"

"మబ్బూ లేదు, గిబ్బూ లేదక్కా. ఇంకొకరి కంప్యూటరు, అంతే. ఎక్కడో పెద్ద పెద్ద గదుల నిండా కంప్యూటర్లు పెట్టుకుని వాళ్ళు చూసుకుంటారు, మనం ఇంటర్నెట్‌లోంచి వాడుకుంటాం."

"అంటే అద్దె ఇల్లా?"

"అచ్చం అద్దె ఇల్లే. రిపేర్లు, కాపలా వాళ్ళవి. కాపురం మనది."

"మరి ఇంటాయన మన సామాన్లు చూడడా?"

ట్రైనింగమ్మాయి నవ్వేసింది. "చూడకూడదని ఒప్పందం ఉంటుందక్కా. మనలో మనకి కూడా హద్దులుంటాయి. వాచ్‌మన్ తన ఫోన్లో చూస్తే తన సెలవులే కనిపిస్తాయి. సూపర్‌వైజరుకి తన కింది వాళ్ళవి కనిపిస్తాయి. మేనేజరుగారికీ మీకూ అందరివీ. ఎవరు ఏం మార్చినా సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత నేను కాదంటే కుదరదు."

సెలవులక్క ముక్కుమీద వేలేసుకుంది. సుఖంగానే ఉంది కానీ ఒకటి నచ్చలేదు. "అయితే సెలవెందుకో ఎవరూ అడగరా?"

"కారణం అని ఒక గడి ఉంది. సొంత పని, ఒంట్లో బాలేదు, ఇంటి పని. ఏదో ఒకటి ఎంచుకుంటారు."

"సొంత పనంటే? మేనమామ కాలా, పైకప్పా?"

"అది సిస్టమ్‌కి అనవసరం అక్కా," అంది ఆ పిల్ల. అని, మళ్ళీ తనే, "మీకు అవసరమైతే మీరే వెళ్ళి అడగండి, ఎవరొద్దన్నారు?" అంది. సెలవులక్కకి ఆ జవాబు బాగా నచ్చింది.

ఎక్కించడం మొదలైంది. ఒకరు రికార్డు చదువుతుంటే ఒకరు కొట్టడం. ఒక మనిషి వివరాలన్నీ నింపి మీట నొక్కగానే బల్లమీది డబ్బాలో టక్కుమని చప్పుడయ్యేది, ఎత్తి చూస్తే దూదిలా తేలిగ్గా ఉండేది. వాచ్‌మన్‌ని పిలిచి పరీక్షకి ఒక సెలవు పెట్టించారు. మర్నాడు తలుపు తీసేసరికి ఆ మధ్యాహ్నం గుమ్మంలోనే ఉందట, రుమాలు అక్కర్లేకపోయిందట. "బానే ఉందక్కా, కాకపోతే నువ్వు అడక్కుండానే వచ్చేసింది, ఏదోలా ఉంది" అని వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు.

రోజులు గడిచేకొద్దీ బీరువా ఖాళీ అవుతోంది. సెలవులక్క పైఅరల నుంచి మొదలుపెట్టింది. ఆ పిల్ల కిందికి చెయ్యి పెట్టబోతే, "ఉండు, ముందు ఇవి కానీ" అని ఆపేది. కానీ ఎన్నాళ్ళని ఆపుతుంది? ఒకనాటికి అన్ని అరలూ ఖాళీ అయ్యాయి, మూలన నాన్న డబ్బా ఒక్కటే మిగిలింది.

ట్రైనింగమ్మాయి రికార్డు తెరిచి చూసింది. "అక్కా, ఈయనకి రిటైర్మెంటు వయసు ఎప్పుడో దాటిపోయిందే? ఇంకా పనిలో ఉన్నారా?"

"లేరు. పోయారు."

"ఓహో. మానేసిన తేదీ చెప్పండి, కొడతాను."

"రాయలేదమ్మా."

"రాయకపోతే ఎలా? రిటైర్మెంటు లెక్కలు రెండో విడతలో పెడతాం, ఇప్పుడు సిస్టమ్ వయసు చూడదు. ఆ తేదీ ఒక్కటే చూస్తుంది. అది ఖాళీగా ఉంటే మనిషి పనిలో ఉన్నట్టే." అంటూనే ఆ పిల్ల అలవాటుగా మీట నొక్కేసింది.

డబ్బా టక్కుమనలేదు. చాలాసేపు, మూటలోంచి బియ్యం జారుతున్నట్టు సన్నగా ఒకటే చప్పుడు. ఆ తర్వాత తెరమీద అంకె కనబడింది. ట్రైనింగమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది.

"అమ్మో! ఇన్ని సెలవులు ఇక్కడ ఎవరికీ లేవక్కా. అవునులే, చేరిన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా నెలనెలా కలుస్తూనే ఉన్నాయి. పనిలో ఉన్న మనిషికి కలవాలిగా."

సెలవులక్క డబ్బా ఎత్తి చూసింది, దూదిలా ఉంది. డబ్బా ఎందుకు బరువెక్కుతూ వచ్చిందో ఇన్నేళ్ళకి తెలిసింది. చేతుల్లో సత్తువ తగ్గలేదు, డబ్బాలోనే రోజులు తోడుకుంటూ వచ్చాయి. తోడుకోవాలంటే కష్టపడాలి. మరి ఎవరు కష్టపడుతున్నట్టు?

"నెలాఖరులోగా మీరు ఆ తేదీ వేసెయ్యండక్కా," అంది ఆ పిల్ల సర్దుకుంటూ. "వేస్తే అవన్నీ పోతాయి. వెయ్యకపోతే రెండో విడతలో సిస్టమే తీసేస్తుంది. ఈలోపు ఆయన వాడుకుంటే వాడుకున్నట్టు."

"ఆయనెలా వాడుకుంటాడు? ఫోన్ లేదు కదా."

"ఫోన్ లేనివాళ్ళకి దారుంది. చెప్పడం మర్చిపోయా. ఇదిగో, ఇక్కడ: 'వారి తరఫున'. ఎవరి తరఫునైనా మీరు సెలవు పెట్టొచ్చు, మీ లాగిన్‌కి ఆ హక్కు ఇచ్చాం. ఒక్క రోజు పెట్టొచ్చు, ఉన్నవన్నీ కలిపి చివరి సెలవుగానూ పెట్టొచ్చు. అలా పెడితే సెలవు అయిపోయిన రోజునే రిలీవింగు తేదీ, అదే మానేసిన తేదీ, దానంతటదే పడుతుంది."

"మూత ఆయనే తియ్యక్కర్లేదా?"

"ఫోన్లో మూతెక్కడిదక్కా?" అంది ట్రైనింగమ్మాయి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ మనిషి జన్మలో ఎవర్నీ ఏదీ అడగలేదు. సరే, ఆయన తరఫున నేనడుగుతా అనుకుంది సెలవులక్క. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కూర్చుని, నాన్న నంబరు కొట్టి, మర్నాటికి ఒకే ఒక్క రోజు సెలవు పెట్టింది. వస్తాడో రాడో చూద్దాం, ముందే అన్నీ ఒకేసారి ఎందుకు అనుకుంది. కారణం అడిగితే 'ఇంటి పని' అని నొక్కింది. తన పేరు మీదా ఒకటి పెట్టుకుంది. ఆవిడ కూడా ఏం తక్కువ తినలేదు, ఉద్యోగంలో చేరాక తీసుకున్న సెలవులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మేనేజరు ఆ పూట వచ్చినవన్నీ కలిపి చూసీ చూడకుండా ఓకే చేసేశాడు.

ఇంటికెళ్ళి చెబితే వాళ్ళమ్మ పెదవి విరిచింది. ఆ ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే.

"మీ నాన్నా? సెలవా? పెళ్ళైన పూటే మధ్యాహ్నం షిఫ్టుకి పోయిన మనిషి! నేను నమ్మను." పొయ్యి వైపు తిరిగి, "ఒక్క రోజేనా?" అంది.

"ముందు ఒక్క రోజు చూద్దామమ్మా."

"చూడు, చూడు. కంచం పెట్టుకుని కూర్చో, వస్తాడు." అందే కానీ, పొద్దున్న లేచేసరికి ఆవిడ మంచి చీర కట్టుకుని ఉంది. పొయ్యిమీద టీ కూడా ముగ్గురికి సరిపడా పెట్టింది. కూతురు నవ్వు బయటికి రానివ్వలేదు, తిడుతుందని.

టీ పొంగేవేళకి నాన్న వచ్చాడు. నీలం యూనిఫాం, జేబులో టెస్టరు, కళ్ళకింద నలుపు. తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చో లేదో అన్నట్టు చూశాడు.

"సెలవు దొరికిందా?" అంది అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే.

"దొరికిందే. ఎవరో పెట్టారంట."

"ఎవరో ఏంటి, నీ కూతురు. నీకు పెట్టుకునే ముఖమా?" మొగుణ్ణి ఏనాడూ మీరు తప్ప నువ్వు అనని మనిషి ఆ పూట నువ్వనేసింది. ఎవరూ పట్టించుకోలేదు.

నాన్న కూతురి వైపు తిరిగి చాలాసేపు చూశాడు. "జుట్టు నెరిసిందేంటి తల్లీ?"

"నీకంటే పెద్దదాన్నయ్యాను నాన్నా."

"అవునా? మరి ముందే చెప్పొద్దూ," అన్నాడు. ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ ఆపుకోలేదు.

ఇన్నేళ్ళూ ఆవిడ ఆ రోజుల్లో ఏముంటుందా అని ఎన్నో ఊహించుకుంది. ఊళ్ళు తిరగడం, ఆటలు, పాటలు. తీరా చూస్తే ఆయన టీ తాగి, నడుము వాలుస్తానని పక్కమీద పడుకుని, పైన ఫ్యాను వైపు చూశాడు. అది ఎప్పట్నుంచో కాస్త ఊగుతూ తిరుగుతోంది. మరుక్షణం స్టూలెక్కాడు.

"సెలవు రోజు కూడా ఫ్యానేనా!" అని అమ్మ కేకలేసింది. కేకలేస్తూనే స్టూలు కదలకుండా పట్టుకుంది. ఫ్యాను కుదురుకున్నాక ఆయన దానికింద ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాడు. మధ్యాహ్నమైనా లేవలేదు. అమ్మ కిటికీ తెర వేసి, వీధిలో పిల్లలు అరుస్తుంటే వెళ్ళి కసిరి వచ్చి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. కూతురు గుమ్మంలో కూర్చుని ఆ ఊపిరి వింది. డబ్బాకి చెవి ఆనించి విన్నది అదే. ఆయన దాచుకున్నదంతా నిద్రే అన్నమాట. పాపం, ఇంకేమీ అడగలేదు ఆ మనిషి.

సాయంత్రం లేచి కడుపునిండా తిన్నాడు. కూతురు చదువు గురించీ, ఉద్యోగం గురించీ గుచ్చి గుచ్చి అడిగాడు. క్లౌడంటే ఏంటని అడిగితే ఆవిడ అద్దె ఇల్లు కథంతా చెప్పింది. "బానే ఉందే, రిపేర్లు లేకుండా" అని మెచ్చుకున్నాడు. పొద్దువాలుతుండగా లేచి వెళ్ళి బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి నాన్నా?"

"డ్యూటీకి."

"ఏం డ్యూటీ?"

"అదేంటమ్మా, రేపు షిఫ్టు లేదూ? ఒక్కరోజేగా సెలవు."

"ఇన్నేళ్ళూ డ్యూటీకే వెళ్తున్నావా?"

"ఎవరూ రిలీవ్ చెయ్యలేదుగా తల్లీ," అన్నాడు లేసు ముడేస్తూ, అందులో వింతేముందన్నట్టు. "తేదీ పడేదాకా వెళ్ళాల్సిందేగా. మధ్యలో వదిలేసి వస్తే ఎలా?"

ఆ తేదీ వెయ్యాల్సిన చెయ్యి ఎవరిదో ఆవిడకి తెలుసు. నాన్నని పోనివ్వకుండా దాచుకున్నాననుకుంది. దాచింది డబ్బానే, మనిషిని మాత్రం ఒక్కపూట తెరిపి లేకుండా పనిలోనే ఉంచేసింది.

"అలిసిపోయావా నాన్నా?"

ఆయన లేసు బిగించి, రెండో బూటు దగ్గరికి లాక్కుని, "కాస్త," అన్నాడు.

అంతే. ఆవిడ ఫోన్ తీసింది. కంగారులో రెండుసార్లు తప్పు నంబరు కొట్టింది. 'వారి తరఫున' నొక్కి, 'చివరి సెలవు' నొక్కి, ఉన్న సెలవులన్నీ, ఒక్కటి కూడా మిగల్చకుండా, రేపట్నుంచి పెట్టేసింది. అడుగున రిలీవింగు తేదీ దానంతటదే పడింది. ఇన్నేళ్ళూ రాయలేక వదిలేసిన తేదీ. ఈసారి ఆవిడ దాన్ని చూసి కళ్ళు తిప్పుకోలేదు. పంపించింది. 'మేనేజరు అనుమతి కోసం వేచి ఉంది' అని వచ్చింది.

"నాన్నా, రెండోది తొడుక్కోకు, ఆగు."

"ఆలస్యమైపోతుందమ్మా."

"ఒక్క నిమిషం ఆగలేవా? ఇన్నేళ్ళు ఆగలా మేము?" అంది అమ్మ లోపల్నుంచి వస్తూ. ఆయన బూటు చేతిలో పట్టుకుని ఆగాడు.

ఫోన్ మోగింది. మేనేజరే, గొంతు ఇల్లంతా వినబడుతోంది.

"అక్కా, బ్యాలెన్సింగ్ మేస్త్రిది ఏంటిది? వచ్చేది కాదు, ఆపై ఎండాకాలం దాకా పెట్టారు! ఇంత పొడుగు సెలవు నేను ఎవరికీ ఇచ్చి ఎరగను."

"అన్నీ ఆయన సంపాదించుకున్నవేనండీ. అవి అయిపోగానే రిలీవింగు."

"అది సరే. ఈయన లేనప్పుడు పనెవరు చూస్తారని సిస్టమ్ అడుగుతోంది. ఎవరో ఒకర్ని చూపించకపోతే నేను కాదనాల్సొస్తుంది. ఎవరున్నారక్కా?"

ఆవిడ నాన్న వైపు చూసింది. ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తిది. వెళ్ళమంటే వెళ్ళిపోతాడు, ఒక్క మాట అనడు.

"ఆయన పోయినప్పుడు ఎవరు చూసుకున్నారో వాళ్ళే చూసుకుంటారండీ," అంది. "ఫ్యాన్లు ఆగలేదు కదా."

మేనేజరు గొంతు తగ్గించి అడిగాడు. "ఆయన మీకేమవుతారక్కా?"

"మా నాన్నండీ."

"ముందే చెప్పొచ్చుగా," అన్నాడు. "కారణం గడిలో ఇంటి పని అని పెట్టారు." ఫోన్ పెట్టేశాడు.

ముగ్గురూ ఆ చిన్న తెర వైపే చూస్తూ ఉండిపోయారు. అక్షరాలు మారాయి. అనుమతించబడింది.

"ఇచ్చేశారు నాన్నా. ఇంక వెళ్ళక్కర్లేదు."

"రేపా?"

"రేపూ వద్దు, ఎల్లుండీ వద్దు. సెలవులు అయిపోయాక కూడా వద్దు. నిన్ను రిలీవ్ చేసేశారు."

ఆయన ఆ మాట నమ్మడానికి కొంచెంసేపు పట్టింది. చేతిలో బూటు కింద పెట్టేశాడు. కాలికున్నదాని లేసు విప్పబోతే ముడి బిగుసుకుపోయి ఉంది, వేళ్ళకి రావడంలేదు. అమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుని ఆయన ముందు నేలమీద కూర్చుంది.

"ఎండాకాలం దాకానటగా?" అంది ముడిమీదికి వంగి.

"అంట," అన్నాడు నాన్న.

"ఇటివ్వండి కాలు," అంది అమ్మ.